ఇంతకీ ఆవిడనెవరైనా అడిగారా?

మన ఇళ్ళల్లో అమ్మమ్మలు, నాయనమ్మలు తాము పోయాక జరగవలసిన పనుల గురించి చెప్పే వివరాలు ఎప్పుడైనా విన్నారా? వెనకటి ప్లానింగు కమిషను కూడా అంత పకడ్బందీగా ప్రణాళిక వేసి ఉండదు. ఏ చీర కప్పాలో చెబుతారు. చెవుల దుద్దులు ఎవరు తియ్యాలో, తీసి ఎవరి చేతిలో పెట్టాలో చెబుతారు. పన్నెండో రోజు గారెలకి పప్పు ఎంత నానబొయ్యాలో చెబుతారు. ఫలానా ఆడపడుచు ఏడుపు మొదలుపెడితే ఎవరూ పన్నెత్తి మాట అనొద్దని కూడా చెబుతారు. వినేవాళ్ళు "ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు, శుభమా అని" అని కసురుకుంటూనే వింటారు. విని జ్ఞాపకం పెట్టుకుంటారు. ఆ రోజు వచ్చినప్పుడు తు.చ. తప్పకుండా చేస్తారు.

బాగుంది. పోయాక సంగతి సరే, పోయేముందు మాటేమిటి? ఆ ఆఖరి పది పదిహేను రోజులు ఆవిడ ఒంటికి ఏం జరగాలో ఆవిడని ఎవరైనా అడుగుతున్నారా? అడగరు. తనంతట తను చెప్పినా వినరు. పోయిన మనిషి మాటకి ఇచ్చే విలువలో పావు వంతు బతికున్న మనిషి మాటకి ఇవ్వరు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

మా పెద్దమ్మ సంగతే తీసుకోండి. 84 ఏళ్ళు. గుండె బలహీనపడి, కాళ్ళకి నీరు పట్టి, మూత్రపిండాలు కూడా మొరాయిస్తున్న మనిషి. బుర్ర మాత్రం పాదరసం. రెండేళ్ళ కిందట ఆయాసం వస్తే బెజవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఐ.సి.యు.లో ఆరు రోజులు ఉండి వచ్చింది. వచ్చిన దగ్గర్నించి కోడలితో, అంటే మా చిన్న వదినతో, ఒకటే పాట. "అమ్మాయ్, ఈసారి ఆయాసం వస్తే నన్ను ఆ గాజు గదిలో పడెయ్యకండే. పగలూ రాత్రీ తెలీదు, పక్కన మనవాళ్ళెవరూ ఉండరు. గొట్టాలు పెట్టించుకుని నేను పోను. నా మంచం మీద నన్ను పోనియ్యి. తులసి నీళ్ళు నువ్వే పొయ్యి." కందిపప్పు బాగుచేస్తూ చెప్పింది. టీవీ ముందు కూర్చుని చెప్పింది. నేను వెళ్ళినప్పుడు నాకూ చెప్పింది. ఊరికే ఊహించుకుని, భయపడి అన్న మాట కాదది. ఆరు రోజులు అనుభవించి వచ్చి అన్న మాట.

ఒక రాత్రి ఆయాసం వచ్చింది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి వసారాలో డ్యూటీ డాక్టరు కాగితాలు పట్టుకుని వచ్చి, "వెంటిలేటర్ మీద పెట్టాలి, అన్నీ చెయ్యమంటారా?" అని అడిగాడు. వదిన నోరు విప్పింది. "అత్తయ్యగారు వద్దన్నారండీ, ఎన్నోసార్లు చెప్పారు..." అంటుండగానే చిన్నన్నయ్య, "నువ్వూరుకో. అన్నయ్య ఏమంటాడో కనుక్కోనీ" అన్నాడు. న్యూజెర్సీకి ఫోను వెళ్ళింది. పెద్దన్నయ్య, "అన్నీ చెయ్యమనండి, ఖర్చుకి వెనకాడొద్దు, నేను బయల్దేరుతున్నాను" అన్నాడు. అంతే. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడకి అన్నం పెట్టిన మనిషి మాట చెల్లలేదు. వేల మైళ్ళ అవతల ఉన్న మనిషి మాట చెల్లింది.

పెద్దన్నయ్య చెడ్డవాడని నేననను. తల్లంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఆవిడ ప్రాణాన్ని తన టిక్కెట్టుకి ముడి పెట్టాడు.

పదకొండు రోజులు. రెండో రోజున మందుల మత్తు కాస్త దిగగానే పెద్దమ్మ గొంతులోని గొట్టాన్ని పట్టుకుని లాగేసుకోబోయిందిట. చేతులు రెండూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేశారు. "పేషెంటుకి మతి స్థిమితంగా లేదు" అని డాక్టరు చెప్పాడు. నిజమే కావచ్చు, ఐ.సి.యు.లో ముసలివాళ్ళకి అలా కావటం మామూలేనంటారు. కాని నాకు మాత్రం, ఆవిడ జన్మలో ఎప్పుడూ అంత స్పష్టంగా మాట్లాడలేదనిపించింది. వదిన ఆ పదకొండు రోజులూ చేతిసంచీలో చిన్న స్టీలు సీసాలో తులసి నీళ్ళు పెట్టుకుని తిరిగింది. ఒకరోజు ధైర్యం చేసి నర్సుని అడిగితే, "నోట్లో గొట్టం ఉందమ్మా, చుక్క పొయ్యకూడదు" అంది ఆ పిల్ల. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా సరైన మాటే. అయిదో రోజుకి పెద్దన్నయ్య వచ్చాడు. వచ్చాక తియ్యమనటానికి నోరు రాలేదు. తెల్లవారుజామున మూడింటికి, చుట్టూ మిషన్లు తప్ప మనుషులెవరూ లేకుండా పెద్దమ్మ పోయింది.

తరవాత పన్నెండో రోజున గారెలు మాత్రం ఆవిడ చెప్పినట్టే చేశారు.

ఇక్కడ ఒక మాట. నేను వెంటిలేటర్‌కి శత్రువుని కాను. ఆ యంత్రం పుట్టుక తెలిస్తే ఎవరైనా చేతులెత్తి నమస్కరించవలసిందే. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో మహమ్మారిలా వచ్చి, ఊపిరి తీసుకోలేక పిల్లలు రాలిపోతూ ఉంటే, ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు వాళ్ళ గొంతులో చిన్న రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ గాలి పంపవచ్చునని చూపించాడు. వందలకొద్దీ వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు ఆ సంచీలు నొక్కారు. పిల్లలు బతికారు. ఇవాళ మనం చూస్తున్న ఐ.సి.యు.లకి అది పునాది. ఈనాటికీ కట్లపాము కరిచి ఊపిరి ఆగిపోబోయే రైతుకూలీని నాలుగు రోజులు ఆ యంత్రం మీద ఉంచితే, అయిదో రోజున లేచి ఇంటికి వెడతాడు. ఏరు దాటటానికి పడవ ఎలాంటిదో అది అలాంటిది. అవతలి ఒడ్డంటూ ఉన్నవాళ్ళకి దాన్ని మించిన వరం లేదు. గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు మూడూ ఒకదాని తరవాత ఒకటి సెలవు తీసుకుంటున్న 84 ఏళ్ళ మనిషిని ఆ పడవలో కట్టేసి ఏటి నడుమ తిప్పుతూ ఉండటం వేరు.

ఇక గుండె ఆగితే ఛాతీ మీద నొక్కటం ఉందే, దాన్ని సినిమాల్లో చూసి మనమంతా మోసపోయాం. హీరో రెండు నొక్కులు నొక్కగానే తల్లి కళ్ళు తెరిచి "బాబూ" అంటుంది. నిజంగా చెయ్యవలసిన పద్ధతి ఏమిటంటే, రొమ్ము ఎముకని రెండంగుళాల లోతుకి, నిమిషానికి వందకి పైగా సార్లు నొక్కాలి. డొల్లబారిన ముసలి ఎముకలు ఏమవుతాయో వేరే చెప్పాలా? పక్కటెముకలు పుటుక్కుమంటాయి. బతికే అవకాశం ఉన్నవాళ్ళకి విరిగినా ఫరవాలేదు, అతుక్కుంటాయి. కాని ఆ రాత్రి కాగితం చేతికిచ్చి "అన్నీ చెయ్యమంటారా?" అని అడిగేటప్పుడు, ఆ "అన్నీ" అనే రెండక్షరాల్లో ఇదంతా ఉందని ఎవరు చెబుతున్నారు?

అసలా ప్రశ్నే తప్పు. కన్నతల్లికి "కొన్నే చెయ్యండి" అని ఏ కొడుకు అనగలడు? అంటే రేపు నలుగురూ ఏమంటారు? "డబ్బు ఖర్చవుతుందని తల్లిని వదిలేశాడు" అనరూ? అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "ఆవిడ ఇప్పుడు మాట్లాడగలిగితే ఏమంటారు?" ఆ ఒక్క ప్రశ్న అడిగితే వసారాలో అందరూ మా వదిన వైపు తిరిగి చూసేవాళ్ళు. ఎందుకంటే సమాధానం తెలిసిన మనిషి అక్కడ ఆవిడొక్కతే.

పెద్దలకి తమ చావు గురించి నిర్ణయించుకునే హక్కు మన సంప్రదాయంలో లేదంటారు కొందరు. వాళ్ళు భారతం సరిగ్గా వినలేదన్నమాట. భీష్ముడు అంపశయ్య మీద పడి ఉండగా దుర్యోధనుడు ఏం చేశాడు? బాణాలు పెరికి కట్లు కట్టటంలో ఆరితేరిన శస్త్రవైద్యుల్ని పిలుచుకొచ్చాడు. అచ్చం న్యూజెర్సీ అన్నయ్యలాగే. భీష్ముడు ఏమన్నాడు? వీళ్ళకి కానుకలిచ్చి, మర్యాద చేసి పంపించెయ్యి నాయనా అన్నాడు. దుర్యోధనుడంతటి మొండివాడు, జన్మలో ఒకరి మాట విననివాడు, ఆ మాట విన్నాడు! అంత పురాణకాలం ఎందుకు, 1982 నవంబరులో పౌనార్ ఆశ్రమంలో వినోబా భావే గుండెజబ్బు చేశాక మందూ వద్దు, ఆహారమూ వద్దు అన్నాడు. దేశంలోని పెద్దలంతా బతిమాలారు. వినలేదు. నవంబరు 15న కన్నుమూశాడు. ఎవరూ ఆయన చేతులు మంచానికి కట్టెయ్యలేదు.

వినోబా వద్దంటే ప్రాయోపవేశం. మా పెద్దమ్మ వద్దంటే మతి స్థిమితం లేకపోవటం.

పైగా నేను అడుగుతున్నది ప్రాయోపవేశం కూడా కాదు. సూదిమందిచ్చి చంపమని అసలే కాదు, దానికి మన చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోనందుకు నాకు బెంగా లేదు. తగ్గని జబ్బులో, చివరి దశలో, చావుని సాగదీసే యంత్రాలు వద్దనే మనిషి మాట విని తీరాలంటున్నాను. దీనికి చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకుని ఏళ్ళయింది కూడా.

ఆ కథ చాలామందికి అరుణా శానుబాగ్ పేరుతో గుర్తుండి ఉంటుంది. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో అదే ఆసుపత్రి స్వీపరు ఒకడు ఆమె మీద అత్యాచారం చేసి, మెడకి గొలుసు బిగించి పోయాడు. ఆ పిల్ల 2015 మే 18 వరకూ, అంటే 41 ఏళ్ళ పైచిలుకు, తెలివిలేని స్థితిలో అదే ఆసుపత్రిలో ఉంది. తోటి నర్సులు తరాలు మారినా కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆమెకి విముక్తి ఇవ్వండని ఒక రచయిత్రి వేసిన పిటిషన్ని సుప్రీంకోర్టు 2011లో కొట్టేసింది. కొట్టేస్తూనే, హైకోర్టు అనుమతితో ఇలాంటి చికిత్సని ఆపవచ్చునని దారి తెరిచింది. ఆ నర్సులది తప్పా, ఆ రచయిత్రిది తప్పా అని నన్నడిగితే నేను చెప్పలేను. పాతికేళ్ళ పిల్ల, అలాంటి గతి పడుతుందని కలగని ఎవరికైనా ఏం చెబుతుంది? ఆమె ఇష్టం ఏమిటో తెలుసుకునే దారి లేదు. మన ఇంట్లో ముసలమ్మ విషయంలో ఆ ఇబ్బంది లేదు కదండీ! ఆవిడ రోజుకి రెండుసార్లు చెబుతోంది.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, మర్యాదగా చనిపోవటం కూడా జీవించే హక్కులో భాగమేనని, తెలివితేటలున్నప్పుడే మనిషి ముందుగా కాగితం రాసి పెట్టుకోవచ్చునని తీర్పు చెప్పింది. కాని అప్పుడు పెట్టిన నిబంధనలు చూస్తే, ఆ కాగితం రాసేలోపల సహజ మరణమే సంభవించేటట్టు ఉన్నాయి. మెజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరి 24న దాన్ని తేలిక చేశారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధృవీకరించుకుంటే చాలు. మనకి తెలివి లేనప్పుడు మన తరఫున మాట్లాడవలసిన దగ్గరి మనుషుల పేర్లు అందులో రాయాలి, ఒకరికంటే ఎక్కువమందినైనా రాయవచ్చు. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు.

"అమ్మో, ఆస్తి కోసం కొడుకులు ముసలమ్మని చంపేస్తే?" ఈ అనుమానం నాకూ ఉంది. మన కొడుకుల సంగతి మనకి తెలియదా! అందుకే ఆ కాగితం చూపించగానే ఎవరూ ప్లగ్గు పీకెయ్యరు. వైద్యం చేస్తున్న డాక్టరుతోపాటు ఇంకో ఇద్దరు అనుభవజ్ఞులు కలిసి చూడాలి. వాళ్ళు సరేనంటే మరో ముగ్గురు డాక్టర్ల బోర్డు మళ్ళీ చూడాలి, అందులో ఒకరిని జిల్లా వైద్యాధికారి నియమించాలి. ఆ తరవాత మెజిస్ట్రేటుకి తెలియజెయ్యాలి. ఆరుగురు డాక్టర్ల కళ్ళు గప్పి ఆస్తి కొట్టెయ్యగల కొడుకుంటే, వాడికి ఆసుపత్రి దాకా రావలసిన అవసరమే ఉండదు. ఇంట్లోనే మాత్రలు కొనటం మానేస్తాడు.

నిజానికి యంత్రాలు ఆపటం మన దగ్గర రోజూ జరుగుతూనే ఉంది. ఎప్పుడంటారా? డబ్బు అయిపోయినప్పుడు. పొలం తాకట్టుపెట్టి, మెళ్ళో పుస్తెలు కుదువపెట్టి, ఇంక ఎక్కడా అప్పు పుట్టదని తేలినప్పుడు, "డాక్టరు సలహాకి విరుద్ధంగా తీసుకువెడుతున్నాం" అనే కాగితం మీద సంతకం చేస్తారు. అంబులెన్సు కుర్రాడు దారి పొడుగునా చేత్తో సంచీ నొక్కుతూ ఇంటిదాకా తీసుకొస్తాడు. గుమ్మం దాటించి నేల మీద పడుకోబెట్టాక గొట్టం తీసేస్తాడు. ఆ చివరి గంటలో ఆయాసం తగ్గటానికి ఒక్క మందు చుక్క కూడా ఇచ్చేవాడు ఉండడు. పర్సు వద్దంటే చెల్లే మాట, మనిషి వద్దంటే చెల్లదన్నమాట. దీన్ని మించిన అవమానం ఇంకోటి ఉందా?

యంత్రాలు వద్దంటే వైద్యమే వద్దని కాదు. ఇది కూడా మన ఆడవాళ్ళు తెలుసుకోవాలి. తగ్గని జబ్బు మనిషికి నొప్పీ, ఆయాసమూ తెలియకుండా చూడటం ఒక పెద్ద వైద్యశాస్త్రం. కేరళ ప్రభుత్వం 2008లోనే దానికోసం ఒక విధానం ప్రకటించి, పంచాయితీల ద్వారా ఇంటింటికీ నర్సులని పంపే ఏర్పాటు చేసింది. కాన్సరు నొప్పికీ, చివరి ఆయాసానికీ అక్కరకొచ్చే మార్ఫిన్ దొరకటం కోసం 2014లో కేంద్రం చట్టాన్నే సవరించింది. మన హైదరాబాదులో ఎమ్మెన్‌జె కాన్సరు ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ఆ వైద్యం చేసేవాళ్ళు చెప్పే మాట ఒకటి నాకు చాలా ఊరట కలిగించింది. పోయే మనిషికి ఆకలి ఉండదుట, శరీరమే వద్దంటుందిట. బలవంతాన గొట్టంతో పోస్తే ఆయాసం పెరగవచ్చుట. నోరు తడుపుతూ ఉంటే చాలుట. మన వాళ్ళు చెంచాతో తులసి నీళ్ళు పెదవులకి తాకించటం వెనక ఎంత వైద్యం ఉందో చూడండి! దాన్ని మనం గాజు తలుపు బయట సీసాలో నిలవపెట్టాం.

"ఇంట్లో చావు మాటలెందుకు, అశుభం" అంటారు. ఎల్.ఐ.సి. ఏజంటు వచ్చి, "మీరు పోతే మీవాళ్ళకి ఇంత వస్తుంది" అని లెక్క కట్టి చెబుతూ ఉంటే, పిలిచి కాఫీ ఇచ్చి, నామినీ పేరు రాసి సంతకం పెట్టలేదూ? అప్పుడు లేని అశుభం ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?

ఇంకో సంగతి, అడగటమంటే "వద్దు" అనిపించటం కాదు. మా పక్కింటి మామ్మగారిని నేను అడిగాను. 79 ఏళ్ళు. "నాకు అన్నీ చెయ్యమను. ఎన్ని గొట్టాలైనా పెట్టమను. మనవరాలి పెళ్ళి చూడందే నేను కదలను" అంది. చూశారా! ఆవిడ చెప్పిందీ ఇష్టమే. ఆవిడకి "పెద్దవాళ్ళు కదా, ఎందుకు బాధపెట్టటం" అని ఎవరైనా వైద్యం ఎగ్గొడితే వాళ్ళతో నేనే మొదట పోట్లాడతాను. ముసలితనం పేరు చెప్పి చికిత్స మానెయ్యటమూ, ప్రేమ పేరు చెప్పి చికిత్స రుద్దటమూ రెండూ ఒకే తాను గుడ్డ. రెండింట్లోనూ ఆవిడ నోరే మూసేస్తున్నారు.

అడిగే పని ఎవరిదంటే, నిస్సందేహంగా మనది. మగవాళ్ళు అడగరు. తండ్రికి ఏ కూర ఇష్టమో తెలియని కొడుకు తండ్రి చావు గురించి ఏం అడుగుతాడు? పెద్దవాళ్ళు ఈ మాటలు చెప్పేది మనతో. తలకి నూనె రాస్తున్నప్పుడు, మంచం మీద దుప్పటి మారుస్తున్నప్పుడు, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక చెబుతారు. అన్నీ మన చెవిలోనే పడతాయి. తీరా సమయం వచ్చేసరికి మన చెవికి విలువ ఉంటుంది గాని నోటికి ఉండదు. అందుకే కాగితం. అత్తగారి కాగితంలో కోడలి పేరో, అమ్మ కాగితంలో కూతురి పేరో ఉంటే, వసారాలో ఎవరూ "నువ్వూరుకో" అనలేరు. మనసులో అనుకుంటే అనుకోనీండి.

నా కాగితం నేను రాసుకున్నాను. నలభైల్లో ఇదేం పిచ్చి అని మావారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తరవాత చదివి, "అమ్మాయి పేరు ముందు రాశావు, నా పేరు రెండోది రాశావేం?" అని ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు. మీరు జాలిపడి ఏడుస్తూ అన్నీ చెయ్యమంటారు, అది తండ్రిని కూడా కసిరి నా మాట నిలబెడుతుంది, అందుకని, అన్నాను. నోటరీగారు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇల్లు అమ్మకమామ్మా?" అన్నాడు. కాదు బాబూ, ఇది ఇంటిది కాదు, ఒంటిది అని విడమరచి చెబితే, పూర్తిగా చదివి, ముద్ర వేసి, "దీని నమూనా ఒకటి నాకిస్తారా, మా అమ్మకి చూపిస్తాను" అని అడిగి తీసుకున్నాడు.

తీర్పు ప్రకారం ఒక ప్రతిని మునిసిపాలిటీలోనో పంచాయితీలోనో దాచటానికి ఇవ్వాలి. మా ఊరి ఆఫీసుకి పట్టుకెడితే అక్కడి గుమాస్తాగారికి దీన్ని ఏ ఫైల్లో పెట్టాలో పాలుపోలేదు. చాలాసేపు ఆలోచించి జనన మరణాల విభాగానికి పంపాడు. అక్కడి అమ్మాయి చదివి, "మీరింకా ఉన్నారు కదండీ, మేము తీసుకోవటం కుదరదు" అని తిరిగి ఇచ్చేసింది. కమిషనరుగారు సోమవారం ఉంటారట. తీర్పు నకలు కూడా పట్టుకుని వెడుతున్నాను. వదిన కూడా వస్తానంది, తన కాగితం పట్టుకుని.